చదివానని చెప్పిన పూట

నా ఫోనులో ఒక ముసలామె గొంతు ఉంది. అరనిమిషం కూడా ఉండదు. ఆమె బతికి ఉన్నప్పుడు నేను ఆమెను చూడలేదు. మా ఇంటికి రెండు స్టాపుల దూరంలో ఒక ఆశ్రమంలో పంతొమ్మిది రోజులు ఉండి చనిపోయింది. తప్పిపోయి వచ్చిన మనిషి. ఆ గొంతు మొదటి రోజే నా చెవిన పడి ఉంటే రెండో రోజుకు ఇల్లు చేరేది. పడకుండా చేసినవాళ్ళలో నేనూ ఒకదాన్ని. నలుగురి ముందూ సరే అన్నాను. ఎందుకన్నానో చెప్పాలనే ఈ పని పెట్టుకున్నాను.

నాకు రాయడం రాదు. సంతకం గీస్తాను. బస్సు బోర్డు మీద ఊరి పేరు అలవాటు కొద్దీ గుర్తుపడతాను. అంతకు మించి అక్షరం నాకు అక్కరకు రాలేదు. నేను చెబుతుంటే పక్కింటి టీచరమ్మ రాస్తోంది. బడి నుంచి రిటైరైన మనిషి కదా, నా మాటలు కొన్ని సరిచేసుకుంటోంది. చేసుకోనీ. జరిగింది మాత్రం సరిచేయవద్దన్నాను.

తిరుపతి బస్టాండు దగ్గర ఆడవాళ్ళ స్నానాల గదుల ముందు కూర్చుంటాను. అదే నా పని. కాంట్రాక్టర్లు మారుతుంటారు, ఆ ప్లాస్టిక్ కుర్చీ మారదు, నేను మారను. రాత్రంతా బస్సుల్లో కూర్చుని వచ్చిన ఆడవాళ్ళు పొద్దున్నే వరస కడతారు. బకెట్ ఇస్తాను, ఖాళీగా ఉన్న గది చూపిస్తాను, లోపల ఆలస్యం చేస్తే తలుపు కొడతాను. పెద్ద నోరు లేకపోతే ఈ పని జరగదు. నాది పెద్ద నోరే. కానీ నోటికన్నా చెవి పెద్దది. తలుపు వేసుకున్నాక మనిషి బయట మాట్లాడినట్టు మాట్లాడదు. ఒంటి మీద చన్నీళ్ళు పడ్డప్పుడు, సబ్బు జారిపోయినప్పుడు, పిల్ల ఏడ్చినప్పుడు లోపలి నుంచి ఏ మాట వస్తుందో ఆ మనిషిది ఆ ఊరు. ఇరవై ఏళ్ళు ఆ తలుపుల ముందు కూర్చుంటే ఎవరికైనా వస్తుంది. నాకు కొంచెం ఎక్కువ వచ్చింది.

మా అమ్మది కుప్పం పక్క పల్లె. ఆ పక్క చాలా ఇళ్ళల్లో తమిళమే మాట్లాడతారు. ఊరు మన రాష్ట్రంలోదే, రేషన్ కార్డు తెలుగులో ఉంటుంది, పిల్లలు తెలుగు బడికి పోతారు, ఇంట్లో మాత్రం తమిళం. ఆ తమిళంలో తెలుగు ఎంత కలిసిపోయి ఉంటుందో మాట్లాడేవాళ్ళకే తెలియదు. మా అమ్మ ఒళ్ళో విన్న మాట అది. నిద్రలో విన్నా గుర్తుపడతాను.

మా ఆయన ఇళ్ళకు సున్నం వేసేవాడు. ఒకరోజు నిచ్చెన మీదే పక్షవాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ కొంత తిరిగి వచ్చాయి గానీ మాట మాత్రం కలగాపులగం అయిపోయింది. పేరు అడిగితే నవ్వేవాడు. ఊరు అడిగితే చెయ్యి చూపించేవాడు. నేను పనిలో ఉండగా బస్టాండుకు వచ్చి, నన్ను వెతుక్కున్నాడో ఏమో, బెంగుళూరు బస్సెక్కేశాడు. నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ నేను ఎలా ఉన్నానో చెప్పను. టీచరమ్మకు తెలుసు.

నాలుగో రోజు పలమనేరు డిపో కండక్టరు ఒకాయన నా దగ్గరికి వచ్చి ఫోను నా చెవికి ఆనించాడు. "ఈ గొంతు ఎవురిదో సూడు" అన్నాడు. ఫోనులో మా ఆయన. "సంగటి... సంగటి..." అని అడుగుతున్నాడు. ఆ ఒక్క మాటే నోటికి వస్తోంది. కోలారు బస్టాండులో ఒకామెకు కనిపించాడట. అక్కడ రాగి సంగటిని ముద్దె అంటారు. సంగటి అనే మనిషి తిరుపతి పక్కవాడని ఆమెకు తట్టింది. గొంతు ఫోనులో పట్టి, తమ గుంపులో పెట్టింది. తప్పిపోయినవాళ్ళను ఇళ్ళకు చేర్చే గుంపు అది. ఫోనులోనే ఉంటుంది. భాషకొక గది ఉంటుంది. ఎవరికీ జీతం లేదు. ఎవరెవరో వేలమంది. ఆ గొంతు కన్నడ గదిలో నుంచి తెలుగు గదికి వచ్చి, పలమనేరులో ఆ కండక్టరు చెవిన పడి, నా దాకా వచ్చింది.

మా ఆయన ఆ తర్వాత రెండేళ్ళు బతికాడు. ఇంట్లో పోయాడు, నా చేతుల్లో. అనాథగా పోలేదు. ఆ రెండేళ్ళూ నాకు ఆ గొంతు ఇచ్చినవే.

ఆయన ఉన్నప్పుడే నేనూ గుంపులో చేరాను. నా పని వినడం. ఎవరో ఒకరు తప్పిపోయిన మనిషిని చూస్తారు. పోలీసులకు చెప్పి, తిండి పెట్టి, నాలుగు మాటలు మాట్లాడించి గొంతు పంపుతారు. నేను బకెట్ల మధ్య కూర్చుని వింటాను. ఇది మదనపల్లె, ఇది సేలం, ఇది బళ్ళారి అని నా గొంతుతో తిరిగి పంపుతాను. ఒకసారి ఒక పెద్దమనిషి హిందీ తప్ప ఇంకేదీ రాదన్నట్టు కూర్చున్నాడట. టీలో చక్కెర తక్కువైందని ఆయన గొణిగిన తిట్టు కూడా రికార్డులో పడింది. నేను విని నవ్వాను. "ఈయప్పకు హిందీ సినిమాలెక్కువ, అంతే. పుంగనూరు సంతలో తిట్టే తిట్టు ఇది" అని పంపాను. మూడో రోజు ఆయన కొడుకు పుంగనూరు నుంచే వచ్చాడు.

అలా కొందరు ఇల్లు చేరారు. గుంపు పెద్దదవుతున్న కొద్దీ తగాదాలు కూడా పెద్దవయ్యాయి. ఒక భాషవాళ్ళు పెట్టుకున్న పద్ధతి ఇంకో భాషవాళ్ళకు తెలియదు. అందుకని సలహా మండలి అని ఒకటి పెట్టారు. భాషకొకరు, ఇద్దరు. మా ఆయన్ను కనిపెట్టిన కోలారు అక్క కన్నడ తరఫున అందులో ఉంది. నన్ను కూడా పెట్టుకోవాలని పట్టుబట్టింది. మండలిని నడిపే కన్వీనర్ సారు గుంటూరు పక్క మనిషి. ఫోను చేసి, "మీలాంటివాళ్ళు ఉండి తీరాలండీ. అడిగినప్పుడు మీ సలహా చెబితే చాలు" అన్నాడు.

బస్టాండు ఊడ్చే ఆడవాళ్ళు వారం రోజులు నన్ను వదల్లేదు. "ఏమ్మే, కవున్సిలరైనావంట! మా వీదిలో కొళాయి ఏయించు ముందు" అని ఒకతె. "సీర మార్సవే, కవున్సిలరుకు ఈ సీరేంది" అని ఇంకొకతె. నేను పైకి తిట్టాను. లోపల పొంగిపోయాను. మా ఆయన ఫోటో ముందు నిలబడి కూడా చెప్పాను.

మండలిలో పద్ధతి ఇది. తేల్చవలసిన విషయాన్ని ముందు ఇంగ్లీషులో రాస్తారు. దాన్ని ఏ భాషవాళ్ళు ఆ భాషలో తిరగరాస్తారు. వారం గడువు. ఒప్పుకోనివాళ్ళు దాని కిందే రాయాలి. ఎవరూ రాయకపోతే ఒప్పుకున్నట్టు. తర్వాత ఆదివారం మధ్యాహ్నం అందరూ ఫోనులో కూడి సరే అనుకుంటారు.

పత్రం వచ్చినప్పుడల్లా టీచరమ్మ చదివి వినిపించేది. నేను చెప్పేది, ఆమె నా ఫోనులో రాసేది. నా పేరు కింద అచ్చు తప్పు లేని తెలుగు. ఒకసారి కన్వీనర్ సారు అందరి ముందూ, "అమ్మ ఎంత చక్కగా రాస్తారో చూడండి, మనలో చాలామందికి రాదు" అన్నాడు. కాదని చెప్పవలసింది అప్పుడే. కోలారు అక్క ముఖం కూడా వెలిగింది. ఆ వెలుగు ఆర్పడం నాకు ఇష్టం లేకపోయింది. ఊరుకున్నాను. ఒకసారి ఊరుకున్నాక రెండోసారి చెప్పడం ఇంకా కష్టం. నాలుగోసారికి అది నా నిజమే అయిపోయింది.

అప్పుడొక పాడు పని జరిగింది. ఎక్కడో మతి తప్పిన ఒక ముసలాయన ముఖమూ గొంతూ గుంపులో పెట్టారు. నాలుక తడబడుతూ ఏడుస్తున్నాడు. ఎవడో దాన్ని తీసుకుని, పాట కలిపి, నవ్వులు కలిపి ఊరంతా తిప్పాడు. ఆయన కొడుకు పనిచేసే చోట ఆ వీడియో పెట్టుకుని అతని ముందే నవ్వారట. ఆ కొడుకు మా గుంపుకొచ్చి ఏడ్చాడు. "మా నాయన్ని ఇల్లు సేర్సినారు, ఇల్లు దాటలేకుండా సేసినారు" అన్నాడు. నేను విని ఏడ్చాను. ఆ వీడియో చేసినవాడి చేతులు పడిపోవాలని తిట్టాను.

దాని మీదే మండలికి పత్రం వచ్చింది. ఆ పత్రం వచ్చిన వారం టీచరమ్మ లేదు. కూతురి కాన్పుకని అనంతపురం పోయింది, మూడు నెలలకు గానీ రాదు.

ఫోను తెరిచి చూశాను. పెద్ద పత్రం. వేలితో తోస్తుంటే పైకి పోతూనే ఉంది. ఆ వారం రోజుల్లో ఎన్ని దారులుండెనో ఇప్పుడు లెక్కపెట్టుకుంటాను. టీచరమ్మకు ఫోను చేయవచ్చు. పురిటింట్లో ఉంది, ఎందుకులే అనుకున్నాను. ఫోనే చదివి వినిపిస్తుందట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. అన్నిటికన్నా దగ్గరి దారి కోలారు అక్క. అడిగితే ఐదు నిమిషాల్లో చెప్పేది. అడిగితే ఇన్నాళ్ళూ రాసింది నేను కాదని బయటపడుతుంది. అడగలేదు.

ఆదివారం వచ్చింది. ఫోనును బకెట్‌కు ఆనించి కూర్చున్నాను. చిన్న చిన్న గడుల్లో ముఖాలు. చాలాసేపు ఇంగ్లీషులో నడిచింది. తర్వాత కన్వీనర్ సారు నా వైపు తిరిగాడు.

"అమ్మా, మొన్న ఆ పెద్దాయనకు జరిగిన అవమానం ఇంకొకరికి జరగకూడదని ఈ జాగ్రత్త. పత్రం చదివారు కదండీ?"

"సదివినాను సార్."

"మీది వినే పని. అందుకే మిమ్మల్ని ప్రత్యేకంగా అడుగుతున్నాను. మీకేమీ అభ్యంతరం లేదా?"

అవమానం జరగకుండా జాగ్రత్త అంటే మంచిదే కదా అనుకున్నాను. "లేదు సార్. మంచిదే కదా" అన్నాను.

కోలారు అక్క తన గడిలో ముందుకు వంగింది. "నిజంగానే అంటా ఉండావా అమ్మా?"

"నిజంగానే అక్కా."

అక్క వెనక్కి వాలింది. ఆమె ఎందుకు అంత గుచ్చి అడిగిందో నాకు ఆ పూట అర్థం కాలేదు.

ఒప్పుకున్నది ఇది. ఇకమీదట దొరికిన మనిషి ముఖం గానీ గొంతు గానీ గుంపులో పెట్టకూడదు. కనిపెట్టినవాళ్ళు ఒక ఫారం నింపాలి. వయసు, ఎత్తు, కట్టుకున్న బట్ట, ఒంటి మీది మచ్చలు, మాట్లాడే భాష. భాషకు ఒకటే గడి. ఏ భాష రాస్తే ఆ భాష గదికి మాత్రమే ఆ ఫారం పోతుంది.

నా ఫోను మూగబోయింది. వెతుక్కునే ఇంటివాళ్ళు పెట్టే ఫోటోలు వస్తూనే ఉన్నాయి గానీ గొంతులు రావడం మానేశాయి. తప్పిపోయేవాళ్ళు తగ్గారేమో అనుకున్నాను. మూడు నెలల తర్వాత టీచరమ్మ వచ్చి ఆ పత్రం చదివింది. కళ్ళద్దాలు తీసి నన్ను చూసింది.

"ఇదేంది, నీకు పనే లేకుండా చేసినారే! నువ్వు ఒప్పుకున్నావా?"

"ఒప్పుకుంటిని."

"ఏమని తెలిసి ఒప్పుకుంటివి?"

అప్పుడైనా మండలికి పోయి చెప్పవలసింది. టీచరమ్మ రెండుసార్లు అడిగింది, రాసిపెడతానంది. "సూద్దాంలే" అన్నాను. మొదటిది తెలియక చేశాను. ఇది తెలిసి చేశాను.

మా ఊళ్ళో ఒక టైలర్ భాయ్ ఉన్నాడు. గుంపులో చాలా పాతవాడు. దారి తప్పినవాళ్ళను పోలీసులు ఆశ్రమానికి తెస్తే కుట్టు మిషను వదిలి పరిగెత్తేది అతనే. ఒకరోజు పొద్దున నా కుర్చీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ముఖం వాడిపోయి ఉంది.

"అమ్మా, ఆశ్రమంలో ముసలామె ఒకామె నిన్న పోయింది. జొరమొచ్చి రొమ్ము పట్టేసింది. పంతొమ్మిది దినాలుండాది, ఎవురూ రాలే. రేపు మునిసిపాలిటీవాళ్ళు తీసకపోతారు. తమిళామె. మీలోనే ఏదో ఒక కులం. పూడ్సాల్నా కాల్సాల్నా, ఏం సేస్తారో నాకి తెలీదు. తప్పు సేయకూడదు గదా."

"నాకెట్లా తెలుస్తాది బాయ్, మనిషిని సూడకుండా?"

అతను ఫోను తీశాడు. "వొద్దంటారు గానీ, పాత అలవాటు పోలే. మొదటి దినం ఆమె గొంతు పట్టుకున్నా. ఎవురికీ పంపలేదు. విని ఏమన్నా సెప్పగలవా?"

లోపల ఎవరో నీళ్ళు పోసుకుంటున్నారు. ఫోను చెవికి నొక్కిపెట్టుకుని విన్నాను.

"సంగటి కొంజం కుడుమ్మా తాయీ... ఎంగ ఊరు బస్సు ఎప్పో వరుం నాయనా..."

సంగటి కొంచెం పెట్టు తల్లీ, మా ఊరి బస్సు ఎప్పుడొస్తుంది నాయనా అని. తమిళమే. కానీ మా అమ్మ గొంతు. మా అమ్మ లేచి వచ్చి నన్ను అడిగినట్టు.

"కుప్పం" అన్నాను.

"ఏం కుప్పం?"

"ఆయమ్మది కుప్పం పక్క. తమిళనాడు కాదు బాయ్, మన రాష్ట్రమే. ఆపక్క తమిళంలో సంగటిని కళి అంటారు. ఈయమ్మ సంగటి అనింది. నాయనా అనింది. ఇది మా యమ్మ మాట."

భాయ్ గోడకు ఆనుకున్నాడు. "సంగటి మన మాటే గదమ్మా. మన మాట గాబట్టే నాకి వింతగా అనిపించలే. గడిలో తమిళం అని రాసేసినా. ఒకటే గడి ఉండాది."

అతని తప్పు ఏముంది? ఆ ఫారం తమిళం గదికి పోయింది. అక్కడివాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వేలూరు, తిరువణ్ణామలై, కృష్ణగిరి, ఎన్ని స్టేషన్లు తిరిగారో. లేని చోట వెతికారు.

నేను కుప్పం పక్క పాల కేంద్రానికి పోయే ఆడవాళ్ళకు, బస్సు కండక్టర్లకు నా గొంతుతో కబురు పంపాను. గంట. ఒక్క గంటలో ఆమె కూతురు నాకు ఫోను చేసింది.

అప్పుడు ఇంకొకటి తెలిసింది. ఊరివాళ్ళతో కలిసి కొండకు వచ్చిన ముసలామె బస్టాండు జనంలో తప్పిపోయిందట. నా గదుల ముందుకు కూడా వచ్చి ఉంటుందేమో, నేను బకెట్ ఇచ్చి పంపి ఉంటానేమో, నాకు తెలియదు. కూతురు ఎనిమిదో రోజునే వాళ్ళమ్మ ఫోటో మా తెలుగు గదిలో పెట్టించింది. కింద ఊరు పేరు, ఇంట్లో తమిళం మాట్లాడుతుందనే సంగతి, అన్నీ తెలుగులో రాయించింది. భాయ్ ఉండేది ఉర్దూ గదిలో, ఆ ఫోటో అతనికి రాలేదు. నా ఫోనుకు వచ్చింది. వెనక్కి తోసి చూశాను. ఉంది. రోజుకు ఎన్నో వస్తాయి, అన్నీ టీచరమ్మతో చదివించలేను కదా. ఫోటో కింద నేను చేతులు జోడించిన బొమ్మ పెట్టి ఉన్నాను.

ఆ వారమే మండలి కూడింది. నేనే కూడమన్నాను. టీచరమ్మ రాసిస్తానంది, వద్దన్నాను. నా నోటితోనే చెప్పాను.

"సార్, నాకు సదువు రాదు. ఇన్నాళ్ళూ రాసింది మా పక్కింటామె. ఆ పత్రం నేను సదవలేదు. సదివినానని అబద్ధం సెప్పినాను."

కోలారు అక్క అరిచినట్టు అంది, "ఒక మాట అనుంటే నేను సదివి ఇనిపిస్తా ఉంటిని కదే! అది వొద్దని చెప్పాలనే ఆ దినం కూసున్నా నేను. గొంతులు వినే నువ్వే మంచిదంటే, ఇంక నేనేం అడ్డం చెప్పేదని ఊరుకున్నా."

అది నాకు అంతవరకు తెలియదు. నేను నోరు మూసుకోవడమే కాదు, అక్క నోరు కూడా మూసేశాను.

కన్వీనర్ సారు, "ఇది మీ ఒక్కరి తప్పు కాదమ్మా. చదవలేనివాళ్ళు మనలో ఉంటారని మేము ఆలోచించలేదు. రాయకపోతే ఒప్పుకున్నట్టే అని పెట్టింది మేమే" అన్నాడు. మంచివాడు. ఆ మంచితనం నాకు పనికిరాలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ రూలు మార్చారు. ఇప్పుడు జిల్లాకు నలుగురైదుగురు మాత్రమే గొంతులు వింటారు, బయటికి పంపే వీలు లేకుండా. మండలి పత్రాలు గొంతుతో కూడా వస్తున్నాయి. మండలిలో ఉండమన్నారు, ఉన్నాను. టీచరమ్మ ఇక్కడితో ఆపితే బాగుంటుందంటోంది. ఆపలేను. కూతురి సంగతి చెప్పలేదు.

కబురు పంపిన మరుసటి రోజు కూతురు వ్యాను మాట్లాడుకుని వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. టమాటా తోటల్లో కూలికి పోయే చేతులు, వేళ్ళకు నల్లటి పసరు. శవాన్ని ఊరికి తీసుకుపోతామంది. కాగితాల మీద వేలిముద్ర వేసింది. ఆ వేలిముద్ర పడుతుంటే నేను అటు తిరిగాను. అన్నీ అయ్యాక ఆశ్రమం గేటు దగ్గర నా ముందుకొచ్చి నిలబడింది.

"మా యమ్మ గొంతు ఉండాదంట గదా. పెట్టు."

అంతకు ముందు రోజు భాయ్ నా ఫోనుకు పంపి ఉన్నాడు. పెట్టాను. ఒకసారి విన్నది. మళ్ళీ పెట్టమంది. మూడోసారి విన్నాక కళ్ళు తుడుచుకోకుండానే అడిగింది.

"సంగటి అడిగింది గదా. పెట్టినారా?"

భాయ్ నేల చూస్తున్నాడు. పెట్టారని ఒక్క మాట అంటే సరిపోయేది. ఆమెకు ఆ రాత్రి నిద్రపట్టేది. అంత చిన్న అబద్ధం. అంతకు ముందు నేను చెప్పింది కూడా అంత చిన్నదే.

"లేదు తల్లీ. జొరమని గంజి పోసినారు."

"మా యమ్మకు గంజి పడదు" అంది. ఎవరినో తప్పు పట్టినట్టు కాదు, ఊరికే చెప్పినట్టు. తర్వాత, "నువ్వేనంట గదా గొంతు ఇని ఊరు సెప్పింది. నువ్వుండేది యాడ?"

"ఈడే. రెండు స్టాపులు."

"రెండు స్టాపులా?" గేటు వైపు, రోడ్డు వైపు చూసింది. "మరి ముందే యాల ఇనలేదు?"

చెప్పాను. మండలి అంటే ఏమిటో, పత్రం అంటే ఏమిటో ఆమెకు తెలిసేటట్టు చెప్పడం నాకు చేతకాలేదు. "గొంతులు నా కాడికి రాకుండా ఒక రూలు పెట్టినారు. దాని మీద నా మాట అడిగినారు. అది నేను సదవలేదు. సిగ్గుపడి సదివినానని సెప్పినాను. సరే అన్నాను" అన్నాను.

ఆమె నన్ను చూస్తూ నిలబడింది. కొడుతుందేమో అనుకున్నాను. కొడితే బాగుండుననే ఉంది నాకు.

"నాకూ సదువు రాదు" అంది. "ఫోటో కింద రాసేదానికి మా ఊరి బడి అయ్యవారి కాళ్ళు పట్టుకున్నా."

అంతే. వ్యాను ఎక్కింది. డ్రైవరు బండి కదిలించబోతుంటే ఆగమని, కిటికీలోంచి తల బయట పెట్టి, ఆ గొంతు తన ఫోనుకు పంపమంది. పంపి, ఇంక నా దగ్గరది తీసేయమంటావా అని అడిగాను.

"వొద్దు. ఉండనీ."

వ్యాను పోయింది. భాయ్ రోడ్డు మీద నిలబడి చూస్తున్నాడు. నేను గేటు పక్కన అరుగు మీద కూర్చుని ఫోను చెవికి పెట్టుకున్నాను. అరనిమిషం కూడా ఉండదు.